తెల్లదొర మెడలో బంతిపూల దండ

ఐదేళ్లు నేనొక తెల్లదొరతో కాపురం చేశాను. నా పీహెచ్‌డీ అతని మీదే. తార్నాకలో నా అద్దె గది గోడకు వాడి ఫొటో ఉండేది. పొద్దున లేచి ఆ మొహాన్ని ఓ తిట్టు తిట్టి గానీ టీ పెట్టుకునేదాన్ని కాదు.

పెద్ద ప్రభువుగారి రెండో కొడుకు. బళ్లో పెద్ద పిల్లలు బెత్తాలతో వాడి వీపు చీరేశారు. పెద్దయ్యాక వాడూ చిన్నవాళ్ల వీపులు చీరేశాడు. తండ్రి పలుకుబడితో మీసాలు సరిగ్గా రాకముందే పార్లమెంటులో కూర్చుని, తర్వాత గవర్నరై మన దేశానికొచ్చాడు. కరువులో గింజలు అడగడానికి కచేరీ ముందుకొచ్చిన జనాన్ని మొదట లాఠీలతో కొట్టించి, తర్వాత గుర్రాలతో తొక్కించి, చివరికి కాల్పించాడు. పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తుతున్న తల్లుల వీపుల్లో గుళ్లు దిగాయి. ఆ సాయంత్రం దొర పందుల వేటకు వెళ్లాడు. లండన్‌లో మంత్రయ్యాడు, ఎవరి దేశాలకో సరిహద్దులు గీశాడు, ముసలితనంలో గులాబీలు పెంచుకుంటూ మెత్తటి పరుపు మీద పోయాడు. ఆ చావు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

థీసిస్ ఇచ్చే ముందు డిపార్ట్‌మెంటులో అందరి ముందూ మాట్లాడాలి. ఆ రోజు నేను తార్నాకలో జిరాక్సులు తీయిస్తున్నాను. హాలు సర్దే పని నా తోటి స్కాలర్, గోల్నాక నుంచి వచ్చే స్నేహితుడు నెత్తినేసుకున్నాడు. మా క్యాంపస్‌లో ఏ సభ జరిగినా కుర్చీలో ఫొటో, ఫొటోకు దండ, ముందు దీపం. అతని చేతులకు అదే అలవాటు. నేనిచ్చిన ఫొటోను కుర్చీలో పెట్టి, నల్లకుంటలో బంతిపూల దండ కొనుక్కొచ్చి దొరకు వేసేశాడు.

జిరాక్సులతో వచ్చి హాలు గుమ్మంలోంచే ఆ దండ చూశాను. "తియ్, ముందు తియ్యది!" అని అరిచాను.

"ఏమైంది? మంచిగనే ఉన్నది కదా," అన్నాడు.

అప్పటికే ఎవరో ఫోన్‌లో ఫొటో కొట్టి గ్రూపుల్లో పెట్టేశారు, మన యూనివర్సిటీలో తెల్లదొరకు పూజలని.

అతను దండ తీస్తుండగానే జెండా కర్రలతో ఒక విద్యార్థి సంఘం గుంపు ఊడిపడింది. మొదటి దెబ్బకు ఫొటో అద్దం పగిలింది. రెండోది నా భుజం మీద పడింది. "దొరలకు దండలేస్తర్రా!" అంటూ ఒకడు కుర్చీ విరగ్గొట్టాడు.

"ఆగుండ్రి, ఆమె వాణ్ణి తిట్టనీకె పెట్టింది!" అంటూ నా స్నేహితుడు నాకు అడ్డం నిలబడ్డాడు. విరిగిన కుర్చీకాలు అతని ఎడమచెవి మీద దిగింది. కిందపడ్డాక అదే చెవి మీద బూటుకాళ్లతో తన్నారు. నేనొకడి చెయ్యి రక్తం కారేలా కొరికాను. అందుకు సిగ్గుపడను.

చెవి లోపల బాగా దెబ్బతిందని, వినికిడి వస్తుందో రాదో కట్టు విప్పాక గానీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. నా స్నేహితుడు వాళ్ల చర్చిలో పాటలు పాడేవాడు. థీసిస్ మంట్లో కలిసినా ఫర్వాలేదు, ఆ చెవి వస్తే చాలనుకున్నాను. కట్టు విప్పారు. రాలేదు.

ఆ మధ్యాహ్నమే, అతన్ని కుర్చీకాలుతో కొట్టినవాడు అరటిపళ్లతో వార్డుకొచ్చాడు. "అక్కా, మాఫ్ చెయ్. నువ్వు గా దొరను తిట్టుకుంటనే రాసినవని మాకు తెల్వదు," అన్నాడు.

"ఒక్కమాట అడిగితే ఏం పోయేదిరా?"

"గా టైంల ఎవరడుగుతరక్కా?"

లాగి వాడి ఎడమచెవి మీదే కొట్టాను. పళ్లు నేల మీద చెదిరాయి. మళ్లీ కొట్టాను. హాయిగా అనిపించింది. మూడోసారి చెయ్యెత్తితే వాడు తప్పుకోకుండా అలాగే నిలబడ్డాడు.

మంచం మీంచి నా స్నేహితుడు నా చున్నీ పట్టి లాగాడు. "ఏమంటుండు?" అని వార్డంతా తిరిగి చూసేంత గట్టిగా అడిగాడు.

అవతలి వైపుకెళ్లి, ఆ తన్నులకు సగం మందగించిన కుడిచెవి దగ్గర నోరు పెట్టి, "మాఫ్ చెయ్యమంటున్నడు," అని అరిచాను.

"నువ్వు కొట్టినంక అన్నడా, కొట్టకముందేనా?"

"ముందే," అన్నాను. అతనికి వినబడలేదు. మళ్లీ అరిచి చెప్పాల్సి వచ్చింది.