ధనలక్ష్మి మోడల్

ఆరోన్ పుట్టింది జమ్మలమడుగులో. తండ్రి ఆనందయ్య మిషన్ బడిలో లెక్కల మాస్టరు. కొడుకు లెక్కల పుస్తకం నిండా లారీలు గీశాడు. తండ్రి లారీలకు మార్కులు వేయలేదు.

తర్వాత పులివెందులలో పదకొండేళ్ళు ట్రాక్టరు ట్రాలీలకు వెల్డింగు చేశాడు. అరటి గెలలు నలగకుండా, అడుగు వంపు తిరిగిన ట్రాలీ ఒకటి గీసి యజమానికి చూపించాడు. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "తొట్టి బాగుందప్పా, ఎనుముకా?" అన్నాడు.

ఇప్పుడు యాభై రెండేళ్ళు. ప్రొద్దుటూరులో సొంత షెడ్డు. ఆటోలకు టాపులు వేస్తాడు, తలుపులు బిగిస్తాడు. అందరూ పక్క ఆటోకు ఉన్నట్టే చేయమంటారు. తాను గీసింది ఒక్కటైనా రోడ్డు మీద తిరగాలి. అతని కోరిక అదొక్కటే.

అందుకే 'ఆరోన్ ఆటోమొబైల్ డిజైన్స్' అని బోర్డు రాయమన్నాడు. పెయింటరు 'ఆరోన్' అని పెద్దగా రాసేశాడు. 'ఆటోమొబైల్' పట్టలేదు. 'ఆరోన్ డిజైన్స్'తో సరిపెట్టాడు.

బంగారం అమ్మే ఊళ్ళో డిజైనంటే మెడలో వేసుకునేదే. ఆ వారమే బట్టల కొట్టు గురుప్రసాద్ భార్య ధనలక్ష్మి అక్రమ్ ఆటోలో వచ్చింది. ఆమె దిగడానికి అక్రమ్ భుజం, ఆటో కడ్డీ, దేవుడి పేరు, మూడూ కావలసి వచ్చాయి.

"నెక్లెసుల్లో కొత్త డిజైన్లు యాడుండాయప్పా?"

"ఈడ ఆటోలకేనమ్మా."

"ఆటోకు నెక్లెసేంది!"

అప్పటికే ఆమె చూపు నేల మీద పడింది. సుద్దతో గీసిన ఆటో. జానెడు ఎత్తులో మెట్టు.

"నిజంగా ఇంత కిందుంటాదా?"

"చేస్తే ఉంటాది. చేయించుకునేవాళ్ళే లేరు."

"అక్రమూ, ఇది పెట్టిస్తే రోజూ నీ బండే. లేకుంటే వేరే ఆటో చూసుకుంటా."

"స్పీడ్ బ్రేకరు తగిలితే ఊడిపోతాది మామా," అన్నాడు అక్రమ్.

"ఊడదు."

ఊడింది. మొదటి రోజే, మైలవరం రోడ్డులో. అక్రమ్ దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడు.

"నీ డిజైను వచ్చినాది మామా. బాడుగ ఇయ్యలా."

ఆరోన్ నవ్వలేదు. సుద్ద గీతలు కాలితో చెరిపేశాడు. ధనలక్ష్మి వేరే ఆటో ఎక్కితే ఇక ఎవరూ అడగరు. మూడు రోజులు గీశాడు. కొత్త మెట్టు మనిషి దిగేటప్పుడు కిందికి వస్తుంది, బండి కదిలే ముందు మడిస్తే పైకి పోతుంది.

ఆమె ఎవరి భుజమూ పట్టకుండా దిగింది. నగల అంగళ్ళ ముందు ఆడవాళ్ళంతా చూశారు.

నెల తిరక్కముందే రాజుపాలెం నుంచి ఒక ఆటోవాడు వచ్చాడు.

"ధనలక్ష్మి మోడల్ ఏసేది ఈడేనాప్పా?"

"అది ఆరోన్ మోడల్."

"ఆరోనెవరు?" అన్నాడు వాడు, బోర్డు కింద నిలబడి.

"ఎవడో ఒకడులే. బండి లోపలికి తే."