తిరగబడిన కెపాసిటర్

అచ్చుకు పుస్తకాలు కూర్చే ఆ ఆఫీసులో ఆమెను అందరూ సర్క్యూటక్క అంటారు. ఇంజనీరింగ్ గుమ్మం తొక్కిన మనిషి కాదు. అయినా పాలిటెక్నిక్ పుస్తకాల్లో వైర్లూ బ్యాటరీలూ ఉన్న బొమ్మ ఏది కావాలన్నా ఆమె బల్ల దగ్గరికే రావాలి. గీయడమంటే పెన్సిలూ కాదు, మౌసూ కాదు. లేటెక్ అనే కంప్యూటర్ భాష‌లో బొమ్మను మాటల్లో రాస్తారు. ఈ చుక్క నుంచి ఆ చుక్కకు ఒక రెసిస్టర్, అక్కణ్ణుంచి కిందికి ఒక తీగ, అంటూ రాసుకుపోతే కంప్యూటర్ బొమ్మ వేసి పెడుతుంది. తప్పు చెబితే తప్పే వేస్తుంది. దానికేం మొహమాటమా?

సర్క్యూటక్కకు ఒక పాడు అలవాటుంది. బొమ్మలో ఏదైనా భాగం పక్కన రాసిన పేరు వెళ్లి పక్క తీగ మీద ఎక్కి కూర్చుంటే, ఆ భాగం మొదలునూ చివరనూ తారుమారు చేసేది. పేరు ఠక్కున అవతలి పక్కకు దూకేది. అసలు పద్ధతి వేరే ఉంది, ఒక్క గుర్తు చేరిస్తే భాగం తిరగకుండా పేరొక్కటే జరుగుతుంది. కానీ చేతికి పట్టిన అలవాటు చెబితే పోతుందా? రెసిస్టర్‌ను ఎటు తిప్పినా ఒకటే కనక ఇన్నేళ్లూ గండం గడిచిపోయింది.

ఆ ఉదయం కొత్త పుస్తకం కోసం పాత బొమ్మ ఒకటి తెరిచి, పెద్దది చేసి చూసింది. కెపాసిటర్ పేరు ముచ్చటగా బయటికే ఉంది. దాని ప్లస్ కాలు మాత్రం మైనస్ తీగ మీద ఉంది. పేరుతో పాటు కెపాసిటరూ తిరగబడిందన్నమాట. ప్లస్, మైనస్ కాళ్లుండే ఆ రకం దాన్ని అలా తిప్పి పెట్టి కరెంటిస్తే పొట్ట ఉబ్బి ఢామ్మని పేలుతుంది.

ఆ బొమ్మ ఉన్న ల్యాబ్ పుస్తకాలు కాలేజీలో నిన్ననే పంచేశారు. ఆ ప్రయోగం ఇవాళే. తల్లి పోయాక తన చేతుల మీద పెరిగిన చెల్లెలు ఆ క్లాసులోనే ఉంది. పొద్దున జడ వేయించుకుంటూ, ఇవాళ నీ బొమ్మేనని మురిసిపోతూ మరీ వెళ్లింది.

చెల్లెలికి ఫోను చేసింది. ల్యాబ్ బయట పెట్టెలో పడి ఉన్న ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. కాలేజీ ఆఫీసులో ఎంతకీ ఎత్తరు.

"చిన్న తప్పేగా అమ్మాయ్, సవరణ చీటీ అచ్చేసి పంపిద్దాంలే," అన్నాడు యజమాని. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు.

"ఈలోగా ఎవరి కళ్లయినా పోతే, ఏ చీటీ అతికిస్తావు బాబాయ్?" అని చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

బస్సెక్కితే అది ప్రతి మలుపు దగ్గరా ఆగింది. తొందరలో ఉన్నామని బస్సులకెలా తెలుస్తుందో గానీ, బాగా తెలుస్తుంది. ఆమె మధ్యలోనే దిగి పరుగెత్తింది. రాసింది తను, తిప్పింది తను, ఇప్పుడెవర్ని తిట్టుకోవాలి? కాలేజీ మెట్లు ఎక్కుతూ చెవులు రిక్కించింది. పేలుడు చప్పుడేదీ లేదు. అందుకు ధైర్యపడాలో, భయపడాలో ఆమెకే తెలియలేదు.

ల్యాబ్‌లో అంతా మామూలుగా ఉంది. బల్లల మీద కెపాసిటర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. మాస్టారు తప్పు పట్టుకుని అందరిచేతా మార్పించినట్టున్నారు. హమ్మయ్య అనుకోబోతుండగా చివరి బల్ల కనిపించింది. చెల్లెలు పుస్తకం పక్కన పరుచుకుని, ముఖం బోర్డు మీదికి వంచి ఉంది. ఆ బల్ల మీది కెపాసిటర్ ఒక్కటే బొమ్మలో ఉన్నట్టే తిరగబడి ఉంది. చెల్లెలి వేలు స్విచ్ మీదుంది.

సర్క్యూటక్క ఒక్క అంగలో వెళ్లి ప్లగ్గు పీకేసింది.

చెల్లెలు ఉలిక్కిపడి చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సారు నీ బొమ్మ తప్పన్నారక్కా. అందరూ నవ్వారు. వాళ్లు మార్చుకున్నా నేను మార్చలేదు. నీదే కరెక్టని చూపిద్దామని..."

"తప్పేనే తల్లీ. నేనే తప్పు గీశాను."

చెల్లెలు నమ్మలేదు. మాస్టారి వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించింది.

"ఆయనకి భయపడి అంటున్నావు కదూ?"

ఉదయం నుంచీ ఆపుకున్న ఏడుపు సర్క్యూటక్కకు అప్పుడొచ్చింది.