శుక్రవారం అన్నారు, శుక్రవారమే రిలీజ్ చేశారు

మొన్న సోమవారం జగ్గయ్యపేటలో నా పరువు ఎలా పోయిందో చెబుతా, టీ చల్లారినా పర్లేదు, వినండి. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

మీకు తెలుసుగా, నందిగామలో నా కంప్యూటర్ క్లాసులయ్యాక ఓ ఉచిత సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి మారుస్తున్నా. జీతం లేదు, భత్యం లేదు. తోడు రామ్మూర్తి మాస్టారు, జగ్గయ్యపేట హైస్కూల్లో తెలుగు చెబుతారు. ఆ స్కూలుకి పూర్వ విద్యార్థులెవరో కంప్యూటర్లు ఇస్తే, హెడ్మాస్టారు వాటిని గదిలో పెట్టి తాళం వేశారు.

"ఇంగ్లీషు రాని పిల్లలు ఏదిపడితే అది నొక్కి పాడుచేస్తారండీ. తెరమీద తెలుగు చూపించండి, ఆ రోజే తాళాలిస్తా" అన్నారు. మా తాపత్రయమంతా ఆ తాళాల కోసమే.

ఇంగ్లీషు వాక్యాల పక్కన తెలుగు రాసే ఫైలు ఒకటుంది, అందులో ఏది రాస్తే అదే తెరమీద కనిపిస్తుంది. మేం ఆ ఫైల్లోనే మాట్లాడుకునేవాళ్లం. ఏదైనా మాట దగ్గర చిక్కొస్తే, తెలుగు రాయాల్సిన చోట మాస్టారికి నాలుగు ముక్కలు రాసేవాణ్ణి. ఆయన అక్కడే జవాబు రాసేవారు. ఫ్లాపీ బస్సెక్కి అటూ ఇటూ తిరిగేది. చివర్లో ఆ కబుర్లన్నీ తుడిచి పంపాలని ఒప్పందం.

ఆ సాఫ్ట్‌వేర్‌ని రిలీజ్ చేసేవాళ్లు మెయిల్ పెట్టారు. శుక్రవారం విడుదల, అప్పటికి వాళ్ల సర్వర్లో ఏ తెలుగు ఉంటే అదే వెళ్తుందని. నవ్వుకున్నా. మన దగ్గర పదింటికి సభ అంటే పదకొండున్నరకి మైకు టెస్టింగు. శుక్రవారమంటే ఎంత లేదన్నా పైవారం సంగతి. ఈలోపు ఫ్లాపీ మొరాయించడం మొదలెట్టింది. చేసిన పనంతా పోతుందేమోనని భయమేసి, భద్రంగా ఉంటుందని ఆ ఫైలు ఉన్నదున్నట్టు సర్వర్లో పెట్టేశా. ఆదివారం తీరిగ్గా కబుర్లు తుడుద్దామనుకున్నా.

వాళ్లు శుక్రవారమే రిలీజ్ చేశారండీ. చెప్పిన రోజున. అలా ఎవరు చేస్తారు?

ఆ సంగతి నాకు తెలీదు. ఆదివారమంతా కరెంటు లేదు. హైదరాబాదులో ఉండే మాస్టారి పాత శిష్యుడొకడు ఉత్సాహం కొద్దీ కొత్త రిలీజ్ సీడీ తెచ్చి, హెడ్మాస్టారితో గది తీయించి స్కూలు కంప్యూటర్లో ఎక్కించేసి వెళ్లాడట. సోమవారం పొద్దున్నే మాస్టారు ఫోన్ చేశారు. "హెడ్మాస్టారు చూస్తానంటున్నారు, వచ్చేయండి." చూపించేది మా పాత ట్రయల్ కాపీయే కాబోలనుకుని బస్సెక్కా.

స్టాఫంతా చేరారు. తెరమీద తెలుగు చూసి హెడ్మాస్టారి మొహం వెలిగిపోయింది. "నేను చెప్పిన మాట ఏదండీ?" అన్నారు. డిలీట్‌కి 'పరిహరింపుము' అని పెట్టాల్సిందేనని ఆయన పట్టుబట్టారు లెండి. మాస్టారు మెనూలో చూపించారు. మురిసిపోయి ఆయనే మౌస్ పట్టుకుని, ఓ ఫైలు మీద పరిహరింపుము నొక్కారు.

తెర మధ్యలో ఒక పెట్టె వచ్చింది. ఈ ఫైలు తీసేయమంటారా అని అడగాల్సిన చోటు అది. పాఠం చదివే అలవాటు కదా, ఆయన గట్టిగా చదివారు.

"హెడ్మాస్టారి మాట ఒక్కడికీ అర్థం కాదు. తాళాలిచ్చేదాకా ఉంచుదాం. తర్వాత తీసేద్దామా?"

కింద రెండు బటన్లు. అవును. కాదు.

రాసింది నేనే. శుక్రవారం నిజంగా శుక్రవారమే వచ్చిందని అప్పుడు తెలిసింది నాకు. సైన్సు టీచరమ్మ దగ్గు నటిస్తోంది. రామ్మూర్తి మాస్టారైతే ఆ వాక్యంతో తనకేం సంబంధం లేనట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

హెడ్మాస్టారు కళ్లజోడు సర్దుకుని, నావైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగారు.

"ఏది నొక్కమంటారండీ?"

"కాదు... కాదు నొక్కండి సార్."

నొక్కారు. జేబులోంచి తాళాలగుత్తి తీసి నా ముందు పెట్టారు. "పిల్లల్ని రేపట్నించి కూర్చోబెట్టండి. తాళాలిచ్చేశానుగా, మరి ఇప్పుడు తీసేస్తారా?"

"ఎప్పటికీ తీయనండీ."

అదే రోజు ఇంటికొచ్చి కబుర్లన్నీ తుడిచి, వచ్చే రిలీజ్‌కి ఫైలు పంపేశా. పరిహరింపుము మాత్రం అలాగే ఉంది. నిన్న గుంటూరు నుంచి ఎవరో మెయిల్ పెట్టారు, ఈ మాట పెట్టిన మహానుభావుడెవరో చెప్పండి, చూసి తరిస్తాం అని. నేనేనండీ అని జవాబు రాశా.