రెండు బానెట్ల కారు వెంట గద్వాల దాకా

మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో నాగర్‌కర్నూల్ బస్సు ఉదయం ఏడుంబావుకు కదిలింది. నా ఒళ్లో ఒక అట్ట గొట్టం, అందులో పోస్టర్, పోస్టర్‌లో ఎర్ర అంబాసిడర్ కారు. ఆ కారుకు వెనక భాగం లేదు. నేను బస్సెక్కడానికి కారణం అదే.

హైదరాబాద్‌లో నాది ఫొటో ఫ్రేముల దుకాణం. కొన్నాళ్లుగా రాక్ కచేరీల పోస్టర్లు కూడా అమ్ముతున్నాను. ఆ పాటలు నాకు ఎక్కవు గాని పోస్టర్లు మాత్రం చాలా చూశాను. పాట ఏదైనా బొమ్మలో కారు ఉండాల్సిందే. చంద్రుడి మీదికి ఎక్కుతున్న కారు, చెరువులో మునుగుతున్న కారు, లైట్ల చోట కళ్లున్న కారు. ఒక్కదాంట్లోనూ తోలేవాడు కనిపించడు. కుర్రాళ్లు వాటినే ఎగబడి కొంటారు.

ఒక బ్యాండ్ ప్రతి కచేరీకీ ఇదే ఎర్ర అంబాసిడర్‌ను వేయిస్తుంది. చేత్తో గీసిన బొమ్మ అని చెప్పి నేను నాలుగు డబ్బులు ఎక్కువే తీసుకుంటాను. ఇదివరకు కారు ఎదురుగా వస్తున్నట్టు ఉండేది. ఈసారి అచ్చుకు ముందు నాకు పంపిన నమూనాలో పక్కనుంచి కనిపించేలా గీశారు. అటూ బానెట్టే, ఇటూ బానెట్టే. అది చూసి నా దుకాణానికి ఎప్పుడూ వచ్చే ఒకాయన నవ్వాడు. "ఇది కంప్యూటర్ పని. చేత్తో గీసేవాడికి కారు వెనక ఎలా ఉంటుందో తెలియదా?" అన్నాడు.

బ్యాండ్‌లో గిటార్ వాయించే కిరణ్‌కు ఆ సంగతి చెప్పాను. బొమ్మలు అతనికి నాగర్‌కర్నూల్‌లోని ఒక ఫ్లెక్సీ దుకాణం నుంచి ఫోన్‌లో వస్తాయట. గీసేవాళ్లను అతనూ చూడలేదు. "మీరే వెళ్లి చూడండి అంకుల్. చేత్తో గీసింది కాదంటే వచ్చే కచేరీ పోస్టర్ వేరేవాళ్లకు ఇచ్చేస్తాం. సాయంత్రంలోగా చెప్పండి" అన్నాడు.

నేను వ్యాపారుల ఇంట్లో పుట్టినవాణ్ని. మా నాన్న ఇత్తడి బిందెను వేలితో కొట్టి, మోత విని గాని కొనేవాడు కాదు. నాకు పేరు పెట్టిన పంతులుతో కూడా బేరమాడాడని అమ్మ చెప్పేది. కాబట్టి నన్నెవరో మోసం చేస్తున్నారన్న అనుమానం నాకు కొత్తగా రానక్కర్లేదు, ఎప్పుడూ ఉంటుంది.

పక్క సీటు పెద్దమ్మ ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే తన సున్నా టికెట్‌ను కొంగున ముడేసుకుంటూ నా టికెట్ ఎంతని అడిగింది. చెప్పాను.

"జర చీర కట్టుకోని రాకపోయినవా" అంది.

పోస్టర్ తీసి మరోసారి చూస్తుంటే ఆమె కూడా వంగి చూసింది.

"ఇది ఎటు పోతది కొడుకా?"

"గదే తెలుసుకుందామని పోతున్న పెద్దమ్మా."

నాగర్‌కర్నూల్‌లో దిగేసరికి పది దాటింది. స్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తిని, రెండోసారి పల్లి చట్నీ ఉచితంగా పోయించుకుని, ఫ్లెక్సీ దుకాణానికి నడిచాను. దుకాణం యజమాని శ్రీశైలం నా గొట్టం చూడగానే విషయం పట్టేశాడు.

"నేను స్కాన్ చేసి పంపుడే సార్. బొమ్మ వనపర్తిల రహీం చాచా తాననుంచి బస్సుల వస్తది, స్కానైనంక గట్లనే వాపసు పోతది. కావాల్నంటే నా కంప్యూటర్ సూడుండ్రి, దాసేదేముంది."

చూశాను. పుట్టినరోజు ఫ్లెక్సీలు, పెళ్లి ఫ్లెక్సీలు తప్ప ఏమీ లేవు. అయినా నమ్మబుద్ధి కాలేదు. అడగ్గానే గల్లాపెట్టె తెరిచి చూపించేవాణ్ని మా ఇంట్లో ఇంకా ఎక్కువ అనుమానిస్తారు.

మధ్యాహ్నానికి వనపర్తి. స్టాండు దగ్గర జొన్నరొట్టె, పప్పు కడుపునిండా దొరుకుతాయి, అది మాత్రం వెళ్లేవారు మానొద్దు. రహీం చాచా బోర్డులు రాసే పెయింటరు. నేను వెళ్లేసరికి ఒక ట్రాక్టర్ నంబర్ ప్లేట్ మీద అంకెలు దిద్దుతున్నాడు. పోస్టర్ అసలు కాగితం చూపించమంటే చాపకింద నుంచి తీశాడు. ఒక మూల గోటితో గీకాను. ఎర్ర రంగు గోట్లోకి వచ్చింది.

"గీకినవా సేట్? గీకు. ఇంకో మూల గూడ ఉన్నది" అన్నాడు.

"రంగు చేత్తో వేసిందే చాచా. మరి కారుకు రెండు బానెట్లేంది?"

"రంగే నాది. గీత గద్వాలది. ఇచ్చిన గీత దాటి నేను రంగు పోనియ్య."

"రెండున్నయని నీకు కనవడలేదా?"

"కనవడ్డది. రాక్ పాటల పిల్లలు గదా, గట్లనే ఉంటదేమో అనుకున్న."

గీసేదెవరని అడిగితే ఛాయ్ తెప్పించి మరీ చెప్పాడు. కూతురి పెళ్లికి చీర కొనడానికి గద్వాలలో ఒక నేతకారుల ఇంటికి వెళ్లాడట. అక్కడ గ్రాఫ్ కాగితం మీద కారు బొమ్మ కనిపించిందట. ఎవరో చీర అంచుకు వరసగా కార్లు కావాలని అడిగి, తర్వాత వద్దన్నారట. ఆ బొమ్మ సంగతి తనే శ్రీశైలానికి చెప్పాడట. చీర అంచుకు కార్లా? ముగ్గురూ కలిసి నన్ను ఊరూరూ తిప్పుతున్నారని నాకు దాదాపు ఖాయమైంది.

గద్వాల బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన ఎక్కగానే అందరూ కిటికీల్లోంచి నాణేలు విసిరారు. నేను ఒక చెయ్యి జేబులోనే ఉంచుకుని రెండో దానితో దండం పెట్టాను.

నాలుగింటికి గద్వాల. చాచా చెప్పిన ఇల్లు మగ్గం చప్పుడును బట్టే దొరికింది. అత్త నర్సమ్మ వాకిట్లో దారం కండెలు చుడుతోంది, కోడలు లలిత లోపల గ్రాఫ్ కాగితం ముందు కూర్చుని ఉంది. అసలు సంగతి వెంటనే చెప్పకూడదని చీర కొనడానికి వచ్చానన్నాను.

"చీరకు వచ్చినోని సంకల గొట్టమెందుకు?" అంది నర్సమ్మ.

ఇక దాచి లాభం లేదు. పోస్టర్ పరిచాను. ఇది చేత్తో గీసింది కాదని తేలితే పని ఇంకొకరికి పోతుందని చెప్పి, నా ఎదుట ఒక కారు గీయమన్నాను. లలిత పెన్సిల్ కింద పెట్టింది.

"ఈపాలి మూలకు నా పేరేస్తమని శ్రీశైలన్న చెప్పిండు. చీర మీద మా పేరు ఎవలేస్తరన్నా? ఎన్ని నేసినా దుకాణపోల్ల పేరే. గిదొక్కటి ఏస్తరనుకుంటే నువ్వు పరీక్షకు వచ్చినవా?"

అయినా మళ్లీ ఆమే పెన్సిల్ తీసుకుంది. బానెట్టు, దీపం, ముందు చక్రం, అద్దం, తలుపు. గడి గడికీ లెక్క చూసుకుంటూ చకచకా గీసింది. నడిమి గీత దగ్గరికి రాగానే ఆగి, చేతులు దులుపుకుంది.

"అయింది."

"సగమేగా అయింది?"

ఆమె ట్రేసింగ్ కాగితం మీదికి ఆ సగాన్ని ఎత్తుకుని, కాగితం తిరగేసి, రెండో వైపు దించబోయింది. "పువ్వయినా హంసయినా సగమే గీస్తమన్నా. తిప్పితే నిండుగయితది. మగ్గం గూడ గట్లనే నేస్తది..." అంటూ చెయ్యి ఆపేసింది. పోస్టర్ వైపు చూసింది. కాగితం వైపు చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సూడు అత్తా, కారుకు ఎనక లేకుంట చేసిన."

"పెండ్లయిన కాడినుంచి చీరలకు గీసిన చెయ్యి. నడుమకు రాంగనే ఆగుతది" అంది నర్సమ్మ కండె తిప్పుతూనే.

"ఇంటి ముంగట రోజు కార్లు పోతయన్నా. ఎనక ఎట్లుంటదో నాకు తెల్వదా? చెయ్యికి తెల్వలే" అంది లలిత. నవ్వు ఆగిపోయింది. "గిప్పుడు పని పోతదా?"

ఇంత దూరం అనుమానంతో వచ్చినవాణ్ని, దొరికిన తప్పును వాడుకోకుండా ఎలా ఉంటాను? ఉచితంగా వెనక భాగం సరిచేసిస్తే కిరణ్‌తో మాట్లాడతానన్నాను.

"ఉత్తగ గియ్య. ఎనక గీస్తే రెండు సగాలైతయి. రెండింతలియ్యాలె" అంది.

పని పోతుందని భయపడుతున్న మనిషి నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. ఒకటిన్నర రెట్లకు రమ్మన్నాను. రాలేదు. అత్త వైపు చూశాను. ఆవిడ నా వైపు అసలు చూడలేదు.

అక్కడే నిలబడి కిరణ్‌కు ఫోన్ చేశాను. "చేత్తోనే. నా కళ్ల ముందే గీసింది" అన్నాను.

"మరి ఆ రెండు బానెట్లు?"

"చీరలకు గీసే చెయ్యి. సగం గీసి తిప్పేస్తారు. వెనక కావాలంటే రెండింతలు అడుగుతోంది."

"అయితే అలాగే ఉండనివ్వండి అంకుల్. బాగానే ఉంది. మూలన పేరు ఏం వేయమంటారు?"

ఫోన్ ఆమెకిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, "లలిత. గద్వాల" అంది. "గద్వాల గూడ ఎయ్యుండ్రి" అని మళ్లీ చెప్పింది.

వెళ్లొస్తానని లేస్తే నర్సమ్మ వాకిలికి అడ్డంగా కూర్చుంది. "చీర కొననీకె వచ్చిన అంటివి గదా." కొన్నాను. బేరంలో ఎవరు గెలిచారో రాయను.

స్టేషన్‌లో కాచిగూడ రైలు నిలబడి ఉంది. విడిగా ఇంజన్ లేని రకం. ఈ చివరా డ్రైవర్ గది, అద్దం, దీపాలు. ఆ చివరా అవే. ముందుకు తిరిగిన సీటు చూసుకుందామని, పల్లీలు ఒలుచుకుంటున్న ఒకాయన్ను అడిగాను.

"అన్నా, ఇది ఎటు పోతది?"

"కదిలితే తెలుస్తది, కూసో."

కూర్చున్నాను. కదిలాక, నా సీటు వెనక్కి తిరిగినదని తేలింది. మారలేదు. ఆ మూడు ఊళ్లలో ఎవరూ నాకు అబద్ధం చెప్పలేదన్న సంగతి జీర్ణం చేసుకోవడానికి గద్వాల కనుమరుగయ్యేంత దూరం పట్టింది.

చీకటి పడే వేళకు కృష్ణ వచ్చింది. ఈసారి నేనూ జేబులో చెయ్యి పెట్టాను. ఐదు రూపాయల బిళ్ల తగిలింది. దాన్ని వదిలేసి, వంతెన అయిపోయేలోగా రూపాయి వెతికి వేశాను.