వేపాకు పెట్టిన పుస్తకాలు

మొన్న బందరు కోనేరు సెంటర్లో కొన్న పాత పుస్తకం ఇంటికి తెచ్చి దులుపుతుంటే లోపల్నించి ఎండిన వేపాకు రాలింది. మా ఆవిడ చీపురు అందుకోబోతే ఆగమన్నాను. ఇదేం చాదస్తమండీ అంది. చాదస్తమే. కానీ ఆ పుస్తకం ఆఖరి పేజీ తిప్పడానికి నాకు చెయ్యి రావడం లేదు.

వేపాకు పెట్టడం గుడివాడ బావ నేర్పిన అలవాటు. బావంటే చుట్టరికమేం లేదు. పాత పుస్తకాల కొట్లో ఒకే పుస్తకం మీద ఇద్దరం చెయ్యి వేసి, నాదంటే నాదని తగువులాడుకుని, చివరికి బావా అంటే బావా అని వరసలు కలుపుకున్నాం. ఆదివారం వస్తే ఆయన పాసింజరెక్కి బందర్లో దిగేవాడు. ఇక్కడి కొట్లు అయిపోతే బస్సెక్కి దివిసీమ వెళ్ళేవాళ్ళం. అవనిగడ్డలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలిస్తే చాలు, సామాను బండి కంటే ముందు మేం వాలేవాళ్ళం. గోనెసంచులు విప్పుతుంటే వచ్చే ఆ ముక్కిన వాసన మాకు బిర్యానీ వాసనతో సమానం. మా వైపు సముద్రపు చెమ్మకి పుస్తకం బతికి బట్టకట్టడమే గొప్ప. అందుకని కొన్నవెంటనే మధ్యలో వేపాకు పెట్టి, ఆఖరి పేజీలో పెన్సిల్‌తో దొరికిన ఊరూ, ఓ ముక్కా రాసుకునేవాళ్ళం. "అవనిగడ్డ. ఒకటే వాన. బావ గొడుగు విరిగింది." అలాంటివన్నమాట.

బావ సంచీ మోసుకుని ఇల్లు చేరిన ప్రతిసారీ ఆయన భార్య, నేను అక్కయ్యా అని పిలిచే ఆవిడ, "చదవేస్తే ఉన్న మతి పోయిందట" అని దెప్పేది. ఆవిడ వేసిన పెసరట్లు తింటూ ఇద్దరం నవ్వేవాళ్ళం.

మేం ఎప్పుడూ వెళ్ళే కొట్టు ఓ సాయిబుగారిది. ఓ ముసురు రోజున నేనొక్కణ్ణే వెళ్ళి అక్కడ ఓ పుస్తకం తీస్తే వేపాకు కనిపించింది. ఆఖరి పేజీ తిప్పాను. బావ చేతిరాత. ప్రాణంగా చూసుకున్నవాడి పుస్తకాలు కొట్టుకి వచ్చాయంటే ఆ ఇంట్లో మనిషి లేడనే మా లెక్క. కానీ బావ కిందటి ఆదివారమే నాతో టీ తాగాడు! ఎవరమ్మారని అడిగితే సాయిబుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ చాలాసేపు నసిగారు. బావే వారం మధ్యలో వచ్చి, ఇంట్లో ఎవరివో పుస్తకాలు పేరుకుపోయాయని ఇచ్చి వెళ్తున్నాడట. ఆదివారం నాతో వచ్చి మళ్ళీ వాటినే కొనుక్కుంటున్నాడట.

ఆ ఆదివారం నేను పుస్తకాలు చూళ్ళేదు, బావనే చూశాను. ఆ పుస్తకాన్నే తీశాడు. వాసన చూశాడు. ఎన్నాళ్ళనించో దీనికోసమే వెతుకుతున్నానంటూ మురిసిపోయాడు. ఆఖరి పేజీ తిప్పి, తన రాత తనే చదువుకున్నాడు.

"ఎవరో గానీ మనలాంటి పిచ్చాడే. వీడికీ ఓ బావ ఉన్నాడు చూడు. పాపం, పోయుంటాడు. బతికుంటే దీన్ని వదులుకుంటాడా?"

ఆ పుస్తకం నీదే బావా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెబితే ఆ సంబరమూ పోతుంది, నిజం తెలిసి మనిషీ కుంగిపోతాడు. అక్కయ్యకైనా చెప్పాలని గుడివాడ వెళ్ళాను. ఆవిడకి ముందే తెలుసు. ఆ సామెత మాత్రం మళ్ళీ ఎప్పుడూ ఆవిడ నోట వినలేదు.

అప్పణ్ణించీ సాయిబుగారు బావ పుస్తకాలని ఇంకెవరికీ అమ్మకుండా ఓ అరలో విడిగా ఉంచేవారు. వారం వారం బావ వాటినే వేటాడేవాడు, వారం వారం పొంగిపోయేవాడు. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉండేదేమో గానీ, నాకు ఆదివారం వస్తోందంటే భయం పట్టుకునేది. అరలో పుస్తకాలు అవే. ఆయనలోంచే ఒక్కొక్కటీ ఖాళీ అవుతోంది. మొదట ఊళ్ళ పేర్లు పోయాయి, తర్వాత ఇంటి దారి. అక్కయ్య తోడు రావడం మొదలుపెట్టింది. ఓ రోజు ఆ అర దగ్గరే బావ నావైపు తిరిగి, మర్యాదగా పక్కకి జరిగి చోటిచ్చాడు.

"మీరూ పాత పుస్తకాల కోసమేనాండీ?"

అవునండీ అన్నాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

బావ పోయి చాలాకాలమైంది. సాయిబుగారూ లేరు, ఆ కొట్లో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఈమధ్య నేను కూడా పాలవాడి పేరు మర్చిపోతున్నాను, పొయ్యి ఆర్పానో లేదో రెండోసారి చూసుకుంటున్నాను. వయసండీ, అంటుంది మా ఆవిడ. మొన్న ఈ పుస్తకం కనబడగానే, ఎన్నాళ్ళనించో వెతుకుతున్నది దొరికిందని ఎంత మురిసిపోయానో! ఆ మురిపెం తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది. ఆఖరి పేజీలో ఉన్నది బావ రాతైతే కళ్ళకద్దుకుంటాను. నాదైతే?

ఆకు ఇంకా బల్ల మీదే ఉంది. పోయిన కాలం తిరిగిరాదని బెంగపడే వయసు నాకు దాటిపోయింది. అది వచ్చి ఎదురుగా కూర్చున్నా పోల్చుకోలేనేమోనని ఇప్పుడు నా భయం.