కేక వేయకుండా ఎక్కిన చెట్టు

1968వ సంవత్సరం సెప్టెంబరు పందొమ్మిదో తేదీ, గురువారం. మూడు రోజులుగా పట్టిన ముసురు ఆనాటి ఉదయం వెలిసింది గాని, సముద్రపు గాలి మాత్రం తిరిగి రాలేదు. శ్రీకూర్మానికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఆకు కదలడం లేదు. తడిసిన తాటాకుల వాసన ఇళ్లమధ్యనే నిలిచిపోయింది. చెట్టెక్కేవాడికి అది మంచి రోజు కాదు. మానుమీద పాచి జారుతుంది. అయినా దసరా దగ్గరపడుతోంది, కొబ్బరికాయ దింపమని సుభద్రమ్మగారు రెండుసార్లు కబురు పెట్టారు. కూర్మయ్య కత్తి నడుముకు దోపుకొని బయలుదేరాడు.

అతడికి అప్పటికి ముప్పైయెనిమిదేళ్లు. తాతనాటినుంచీ వాళ్లది అదే బతుకుతెరువు. ఆ పనిలో మొదట నేర్పేది ఎక్కడం కాదు, కేక వేయడం. చెట్టు మొదట నిలబడి "సెట్టెక్కుతన్నానమ్మా" అని ముమ్మారు అరవాలి. చుట్టుపక్కల పెరళ్లలో నీళ్లు పోసుకునే ఆడవాళ్లు లోపలికి పోయేందుకు వ్యవధి ఇచ్చి, ఆ తరువాతే మానుమీద పాదం మోపాలి. కేక వేయనివాణ్ణి ఏ ఊరూ రెండోసారి చెట్టెక్కనివ్వదు. మనం గోడ కట్టేటప్పుడు దాని ఎత్తును వీధిలో నడిచేవాడి కంటిని బట్టి నిర్ణయిస్తాం. ఆకాశంవైపునుంచి ఎవరూ చూడరని మన నమ్మకం. ఆ నమ్మకానికి కాపలా చెట్టెక్కేవాడే. ఈ నియమాన్ని ఏ శాస్త్రకారుడూ గ్రంథస్థం చేయలేదు. చేసి ఉంటే ఇంత నిష్ఠగా ఎవరూ పాటించేవారు కారేమో.

ఆ రోజు కూర్మయ్య గొంతు పట్టేసి ఉంది. ముసురులో తడిసి రెండు రోజులు జ్వరపడ్డాడు. కేక వేయబోతే ఊపిరి వచ్చింది గాని ధ్వని రాలేదు. మధ్యాహ్నం కావస్తోంది, ఈ వేళప్పుడు పెరళ్లలో ఎవరుంటారులే అనుకొని ఎక్కేశాడు.

మొవ్వ దగ్గర మట్ట అందుకొని కిందికి చూసేసరికి, పక్క పెరట్లో స్నానానికి కట్టిన తాటాకు దడికి ఆనుకొని ఒక మగమనిషి గొంతుక్కూర్చొని ఉన్నాడు. ఆ ఇల్లూ సుభద్రమ్మగారిదే. ఆరోగ్యకేంద్రంలో నర్సుగా పనిచేసే ఎలీసమ్మ అందులో ఒంటరిగా అద్దెకుంటోంది. దడి లోపలినుంచి నీళ్ల చప్పుడు వినబడుతోంది. దడికి ఆనిన ఆ వీపును కూర్మయ్య ఎరుగును. అది నరసింగరావుగారిది. ఆయన ఊరికి పెద్దరైతు. కూర్మయ్య ఎక్కే చెట్లలో నలభై ఆయన తోటలోవే.

కూర్మయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అంతలో కింద ఎలీసమ్మ కెవ్వుమంది. ధబ్బుమని ఎవరో వెనకగోడ దూకిన చప్పుడైంది. జనం పోగయ్యారు. కూర్మయ్య మానును కరచుకొని మట్టలమాటున ఉండిపోయాడు. ఆ జనంలో ఒక్కరు తలెత్తితే చాలు. నర్సమ్మ నీళ్లు పోసుకుంటుండగా కేక వేయకుండా చెట్టెక్కినవాణ్ణి వదిలి, ఇంకొకణ్ణి ఎవరు వెతుకుతారు? ఎవరూ తలెత్తలేదు. అందరూ వెళ్లిపోయాక ఒక్క కాయైనా కోయకుండా దిగాడు. పాచికి పట్టు జారి, రొమ్మంతా గీసుకుపోయింది.

ఎలీసమ్మ చూసింది ఒక కన్ను మాత్రమే, ముఖం కాదు. నెలరోజులుగా ఆమె దడిలో కొత్త కన్నాలు చూస్తోంది, ఆకుముక్కలు కుక్కుతోంది, మళ్లీ కన్నం పడుతోంది. హెడ్ కానిస్టేబులు వచ్చి రాసుకున్నాడు. పరాయి ఆవరణలో చొరబడి ఆడమనిషి ఏకాంతాన్ని తొంగిచూడటం ఏడాదిదాకా ఖైదు వేయదగ్గ నేరమే గాని, చూసినవాణ్ణి చూసినవాడొకడు కావాలని చెప్పి వెళ్లిపోయాడు. ఇక అరుగులమీద నవ్వులు మొదలయ్యాయి. ఒంటరి ఆడదానికి దడికి కూడా కళ్లు మొలుస్తాయని ఒకరన్నారు. ఇల్లు ఖాళీ చేస్తే గౌరవంగా ఉంటుందని సుభద్రమ్మగారే కబురంపారు.

ఈ మాటలన్నీ చెవిన పడుతుంటే కూర్మయ్యకు గంజి దిగేది కాదు. ఒకనాడు వీధిలో ఖాకీ చొక్కా కనబడగానే పశువుల సాలలోకి దూరాడు.

"ఏటయినాదయ్యా నీకు?" అంది భార్య దాలమ్మ. "పోస్టు మనిసిని సూసి దాక్కుంతన్నావు. ఆయన కార్డులిస్తాడు గానీ బేడీలెయ్యడు."

అప్పుడు కూర్మయ్య చెప్పాడు. దాలమ్మ నవ్వు ఆగిపోయింది. ఆమె గొంతు తగ్గించి, "నువ్వు సెట్టుమీదున్నట్టు దేముడికి తప్ప ఎవులికీ తెలీదు. నోరిప్పకు" అంది.

తొమ్మిదో రోజుకు గొంతు బాగుపడింది. సుభద్రమ్మగారి చెట్టు కింద నిలబడి కూర్మయ్య ముమ్మారు కేక వేశాడు. ఆ కేకకు ఆడవాళ్లు లోపలికి పోవాలి. కాని ఎలీసమ్మ బిందె పట్టుకొని బయటికి వచ్చింది.

"ఎక్కు కూర్మయ్యా. నువ్వు పైనున్నంతసేపే నేను నీళ్లు పోసుకుంటాను. నీ కేక విన్నాక ఎవడూ గోడ దాపుకు రాడు."

"తప్పు నర్సమ్మా. పైన నేనుంతాను గదా."

"నువ్వు చూడవు కదా" అని ఆమె దడిలోకి వెళ్లిపోయింది.

కూర్మయ్య ఎక్కి, మానుకు ముఖం ఆనించి కళ్లు మూసుకున్నాడు. కింద చెంబు మునిగిన చప్పుడు వినబడినప్పుడల్లా కళ్లు ఇంకా బిగించేవాడు. ఆమె "అయింది" అని పిలిచేదాకా కత్తి తీయలేదు. దిగి, ఇంటికి పోకుండా తిన్నగా పోలీసు ఠాణాకు నడిచాడు. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాడు. రెండుసార్లూ మళ్లీ ముందుకే నడిచాడు.

కేసు సంక్రాంతి వెళ్లాక శ్రీకాకుళం కోర్టులో విచారణకు వచ్చింది. బోనులో నిలబడిన కూర్మయ్యకు ఎదురుగా నరసింగరావుగారు గంధపుబొట్టుతో, చలువ చేసిన పంచెతో కూర్చున్నారు. ఆయన వకీలు సౌమ్యంగానే మొదలుపెట్టాడు. కేక వేశావా అంటే లేదన్నాడు. చెట్టుమీదినుంచి దడి లోపల కనబడుతుందా అంటే కనబడుతుందన్నాడు.

"అయితే నరసింగరావుగారికి ఖైదు వేస్తే, అదే చట్టం కింద నీకూ వేయాలి. తెలుసా?"

కూర్మయ్య బోను కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు.

"తెలీదు బాబూ. పైకెల్తే అందరి పెరళ్లూ కనబడతాయి. సూడం. మా అయ్య సెప్పినాడు. ఆ దినం ఆ బాబు వీపు సూసినాను, కళ్లు మూసేసినాను."

"మూసుకున్నట్టు సాక్ష్యం?"

"ఏటీ లేదు బాబూ."

సాక్ష్యం చెబుతానని ఎలీసమ్మ లేచింది. తాను నీళ్లు పోసుకుంటూ పైకి చూశాననీ, అతడు మానుకు ముఖం ఆనించి ఉన్నాడనీ చెప్పింది. అది వేరే రోజు సంగతి అని వకీలు పట్టుకున్నాడు. వేరే రోజైనా మనిషి అతడే గదా అని ఆమె కూర్చుంది. మేజిస్ట్రేటు నరసింగరావుగారికి మూడు నెలల సాధారణ ఖైదు విధించారు. ఇంటివారు పిలిస్తే చెట్టెక్కినవాడు చొరబడినవాడు కాడని, కూర్మయ్యపై నేరం లేదని తీర్పులో రాశారు.

చట్టం వదిలింది గాని ఊరు వదలలేదు. నలభై చెట్లు మొదటి వారమే పోయాయి. తక్కినవాళ్లు, కేక వేయకుండా ఎక్కానని కోర్టులోనే ఒప్పుకున్నవాణ్ణి ఎలా పిలుస్తామన్నారు. ఒక్క ఎలీసమ్మ మాత్రం సుభద్రమ్మగారిని ఒప్పించి పిలిపించింది. కూర్మయ్య వచ్చాడు, కేక వేశాడు, నిలువెత్తు ఎక్కాడు. అక్కడ కాళ్లు బిగుసుకుపోయాయి. కిందనున్న ప్రతి ముఖమూ తననే చూస్తున్నట్టు తోచింది. దిగి, కత్తి దాలమ్మ చేతికిచ్చాడు. ఆ వేసవిలోనే ఇద్దరూ పిల్లతో సహా రైలెక్కారు. ఎలీసమ్మ గజపతినగరానికి బదిలీ అయింది. పదేళ్ల తరువాత ఆమె పేర ఈ ఉత్తరం వచ్చింది.

"ఖరగ్‌పూరు, 4 మార్చి 1979.

నర్సమ్మగారికి కూర్మయ్య దండాలు. నేను సెప్తన్నాను, నా కూతురు రాస్తన్నాది. కోరటులో ఒక మాట దాసినాను. వకీలుబాబు అడగలేదు, నేను సెప్పలేదు. ఆ బాబుని మీ పెరట్లో సూడ్డం ఆ దినం మూడోసారి. ముందు రెండుసార్లు నా కేక ఇని గోడ దూకి ఎల్లిపోతంటే సూసినాను. ఎల్లిపోయినాడు గదా అనుకున్నాను. సెట్లు పోతాయని బయపడ్డాను. మీరు దడికి ఆకులు కుక్కుకుంతన్నారని నాకు తెలుసు. మొదటిసారే సెప్పుంటే ఆ నెల్లాళ్లూ మీకు ఆ బాద లేకపోను. మీరు నన్ను నమ్మి నీళ్లు పోసుకున్న దినం ఈ మాట నోటిదాకా వచ్చినాది, బయటికి రాలేదు. ఇక్కడ రైలు పట్టాల పని సేస్తన్నాను. దాలమ్మకి కళ్లు సరిగ్గా ఆనడం లేదు. మీరు నన్ను తిట్టాలనుకుంటే ఒక కార్డు రాయండి. సదివి పెట్టడానికి పిల్ల ఉన్నాది."