రివిట్ల గుంటల్లో పసుపు

ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధంతో పడుకుంటున్నాను, దానితోనే లేస్తున్నాను. ఇది చదివే నీ పేరు నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను. చిన్నప్పుడు మా బాపు ఇంట్లో దిద్దించిన అక్షరాలు ఇవాళ వంకరగా పోతున్నాయి.

భూముల కోసం సంఘం వాళ్లకూ దొరలకూ కొట్లాట ముదిరిన రోజులవి. దేవరుప్పుల పక్కన మా ఊరు. మా దొర పాత లారీని మా ఆయన నడిపేవాడు. ధాన్యం జనగామ స్టేషనుకు చేర్చడం పని. బ్రేకు తొక్కితే ఇనుముకు ఇనుము రాసుకుని కీచుమనేది. ఆ చప్పుడు వినపడితే చాలు, నేను దేవుడి పటం ముందుకు పోయేదాన్ని.

చివరికి జనగామ నుంచి యాకయ్య మిస్త్రీ వచ్చాడు. మా వాకిట్లోనే చక్రాలు విప్పాడు. అరిగిన బ్రేకు పట్టీలు ఊడదీసి, కొత్తవి రివిట్లతో బిగించి గోనెసంచి మీద పెట్టాడు.

"ఇగ భయం లేదు చెల్లె. నీ పెనిమిటి బండిని యాడంటే ఆడ ఆపుతడు. కల్లు మండువ కాడ ఆపకుండ నువ్వే చూసుకోవాలె" అని నవ్వి, కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాడు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఇంట్లో కొత్త నాగలైనా, కొత్త కొడవలైనా నూనె, పసుపు పెట్టందే పనికి పోదు. నా మొగుడి ప్రాణం కాసే వస్తువును ఉత్తగా పంపుతానా? నువ్వుల నూనెలో పసుపు కలిపి ఒక్కో పట్టీకి పూశాను. దణ్ణం పెట్టుకున్నాను. యాకయ్యన్న చూస్తే నవ్వుతాడని కొంగుతో తుడిచేశాను. పైది పోయింది. నూనె లోపలికి ఇంకింది.

యాకయ్యన్న వచ్చి పట్టీలు, చక్రాలు బిగించాడు. ఖాళీ బండిని మెల్లగా తిప్పి చూస్తే ఆగింది. బస్తాలు ఎత్తుకుని బయల్దేరాక, ఊరి బయట వాగు దిగుడులో ఆగలేదు.

చప్పుడు విని పరుగెత్తాను. మా ఆయన కాలు విరిగింది, ప్రాణం దక్కింది. అందుకు ఈనాటికీ దేవుడికి మొక్కుతాను. కానీ మొక్కు పూర్తికాకముందే యాకయ్యన్న ముఖం అడ్డం వస్తుంది.

మా వాకిట్లో సామాను సర్దుకుంటున్న అతణ్ణి దొర మనుషులు వాగు దగ్గరికి ఈడ్చుకొచ్చి, చక్రం విప్పించారు. రివిట్లు దిగిన చిన్న గుంటల్లో పసుపు. నేను చూశాను. అతనూ చూశాడు. తలెత్తి నా వైపు ఒక్క చూపు చూసి, బొటనవేలితో గుంటల మీద మట్టి రుద్దాడు.

దొర మనిషి పట్టీని వేలితో తడిమాడు. "నూనె పూసినవారా? నూనె తగిలితే బ్రేకు జారదా? సంగపోళ్లు ఏం పెట్టిండ్రు నీకు?"

యాకయ్యన్న నా పేరు ఎత్తలేదు. అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో.

దొర మనిషి నా వైపు తిరిగాడు. "ఏమే, మిస్త్రీ గాక బండి కాడికి ఇంకెవరన్న వచ్చిండ్రా?"

"ఎవ్వరు రాలే అయ్యా."

అంతే. చేతులు వెనక్కి కట్టి అతణ్ణి దొర ఉండే గడీకి తీసుకుపోయారు. చిట్యాల దిక్కు అడవిలో కనపడ్డాడని ఒకరన్నారు. గడీలోంచి బయటికే రాలేదని ఇంకొకరన్నారు. మొదటి మాటే నమ్ముకుంటూ వచ్చాను. అది నమ్మకమా, భయమా? నిజం చెప్పి ఉంటే, ఇంటి ఆడది చేసిన పని అని నవ్వి వదిలేసేవాళ్లేమో. లేక నా మొగుణ్ణీ కట్టేసేవాళ్లేమో. ఎన్నిసార్లు తిప్పి తిప్పి ఆలోచించినా ఒక్క చోటికే వస్తాను. నూనె తెలియక పూశాను. అబద్ధం తెలిసే చెప్పాను. అతను దాచింది నా తప్పు. నేను దాచుకున్నది నన్ను.

ఇప్పటికీ దసరాకు నాగలి ముందు నూనె గిన్నె పట్టుకుంటే చెయ్యి ఆగిపోతుంది. కోడలు పూస్తుంది.

క్షమించమని అడగను. క్షమించాల్సినవాడు ఎక్కడున్నాడో తెలియదు. ఆ రోజు అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

బండి కాడికి నేను వచ్చిన అయ్యా. నూనె పూసింది నేనే.